ఒక్క ఫైల్ జావా ప్రోగ్రామ్‌ను ఒకే కమాండ్‌తో నడపడం: ఇన్‌స్టాల్ నుంచి ఎర్రర్ల దాకా

"ఇరవై లైన్ల ల్యాబ్ ప్రోగ్రామ్ కోసం ఎక్లిప్స్‌లో ప్రాజెక్ట్ పెట్టాల్సిందేనా?" "జావాసీ అక్కర్లేదు, జావా ఒక్కటే చాలు అంటున్నారు కానీ నాకు ఎర్రర్ వస్తోంది, ఎందుకు?" ఈ రెండు ప్రశ్నలూ జూనియర్ల నుంచి ప్రతి సెమిస్టర్‌లోనూ వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట వరసగా రాస్తున్నాను.

విషయం ఇది. ఎక్లిప్స్ అంటే కోడ్ రాసి నడపడానికి వాడే పెద్ద సాఫ్ట్‌వేర్. జావాసీ అంటే మనం రాసిన సోర్స్ ఫైల్‌ను, జావా నడపగల .క్లాస్ ఫైల్‌గా మార్చే (కంపైల్ చేసే) కమాండ్. జావా 11 నుంచి, జావా కమాండ్‌కు నేరుగా సోర్స్ ఫైల్ పేరు ఇవ్వొచ్చు. అది ఫైల్‌ను మెమరీలోనే కంపైల్ చేసి, వెంటనే నడుపుతుంది. ఫోల్డర్‌లో .క్లాస్ ఫైల్ మిగలదు. కాబట్టి ఎడిటర్‌లో సేవ్ చేసిన కోడే ప్రతిసారీ నడుస్తుంది, పాత కోడ్ నడిచే అవకాశమే ఉండదు. నాకు దీంట్లో నచ్చిన గుణం ఇదే. చదువుకునే రోజుల్లో ఒక సాయంత్రమంతా ఒక లూప్‌ను మార్చి మార్చి చూశాను, అవుట్‌పుట్ మాత్రం మారలేదు. కారణం, జావాసీ కొట్టడం మర్చిపోయి పాత క్లాస్ ఫైల్‌నే నడుపుతున్నాను. ఆ అవస్థ మీకు రాకూడదనే ఇంత వివరంగా చెబుతున్నాను.

చదివే ముందు ఒక మాట. కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. మీరు టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. చుక్క, హైఫన్, గీతలు ఇక్కడ ఎలా ఉంటే అలాగే పెట్టాలి. చాలావరకు చిన్న అక్షరాలే. పెద్ద అక్షరం అవసరమైన చోట విడిగా చెబుతాను. ఉదాహరణ ఫైల్ పేరు అంతటా మార్క్స్.జావా. దీనిలో మొదటి ఎమ్ మాత్రం పెద్దది.

1. ముందు ఉన్న వెర్షన్ ఎంతో చూసుకోండి

టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి:

జావా -వెర్షన్

ఇక్కడ ఒకే హైఫన్ పెట్టండి. రెండు హైఫన్లతో అడిగితే జావా 8 అర్థం చేసుకోదు, "అన్‌రికగ్నైజ్డ్ ఆప్షన్" అంటుంది. కాలేజీ ల్యాబ్‌లలో 8 ఇంకా కనిపిస్తుంది కాబట్టి ఒక హైఫన్ అలవాటు చేసుకుంటే అన్నిచోట్లా పనికొస్తుంది.

వచ్చిన జవాబును ఇలా చదవండి.

- 1.8తో మొదలైతే అది జావా 8. ఈ పద్ధతి పనిచేయదు, కొత్తది వేసుకోవాలి.
- 11 లేదా 17 అయితే పనిచేస్తుంది. తెలుగు అక్షరాలు ప్రింట్ చేయాలంటే మాత్రం ఇబ్బంది పడతారు.
- 21 అయితే నిశ్చింతగా ముందుకు వెళ్లొచ్చు.
- 25 అయితే ఇంకా సులువు, ఎందుకో 4వ భాగంలో చెబుతాను.

11, 17, 21, 25 నాలుగూ ఎల్‌టీఎస్ వెర్షన్లు, అంటే చాలా ఏళ్లు అప్‌డేట్లు అందేవి. కొత్తగా వేసుకునేవారు 21 గానీ 25 గానీ వేసుకోండి. మధ్యలో వచ్చే వెర్షన్ల జోలికి వెళ్లాల్సిన పని లేదు.

2. జేడీకే వేసుకోవడం

కావలసింది జేడీకే (ప్రోగ్రామ్ కంపైల్ చేసి నడపడానికి పూర్తి కిట్), జేఆర్ఈ (సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్‌ను నడపడానికి మాత్రమే) కాదు. జేఆర్ఈలో సాధారణంగా కంపైలర్ ఉండదు. కంపైలర్ లేకుండా సోర్స్ ఫైల్ నడపబోతే "మాడ్యూల్ జేడీకే.కంపైలర్ నాట్ ఫౌండ్" అని వస్తుంది. ఆ మాట కనిపిస్తే మీ ప్రోగ్రామ్‌లో తప్పు వెతక్కండి, ఇన్‌స్టాల్ చేసినదే తప్పు.

విండోస్‌లో అడాప్టియమ్ సైట్ నుంచి టెమురిన్ జేడీకే ఎమ్ఎస్ఐ ఫైల్ దించుకుంటే సరిపోతుంది. ఉచితం, లాగిన్ అడగదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక స్క్రీన్‌లో "యాడ్ టు పాత్" (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాలో చేర్చడం) అనే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో చూడకుండా నెక్స్ట్ నొక్కకండి.

ఉబుంటు 24.04లో:

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఓపెన్‌జేడీకే-21-జేడీకే

మ్యాక్‌లో హోమ్‌బ్రూ (కమాండ్‌తో సాఫ్ట్‌వేర్ వేసే టూల్) ఉంటే:

బ్రూ ఇన్‌స్టాల్ --కాస్క్ టెమురిన్

ఇన్‌స్టాల్ అయ్యాక పాత టెర్మినల్ మూసేసి కొత్తది తెరవండి. పాత్ అనేది టెర్మినల్ తెరిచేటప్పుడే చదువుతుంది కాబట్టి, ముందే తెరిచి ఉన్న విండోకు కొత్త జావా వచ్చిన సంగతి తెలియదు. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ లోపలి టెర్మినల్ వాడేవారు వీఎస్ కోడ్ మొత్తాన్నీ మూసి తెరవాలి.

కొత్తది వేసినా పాత వెర్షనే చూపిస్తుంటే, ఒకే మెషీన్‌లో రెండు జావాలు ఉన్నట్టు. ఏది నడుస్తోందో ఇలా కనుక్కోండి (కమాండ్ ప్రాంప్ట్, పవర్‌షెల్ రెండూ విండోస్ టెర్మినళ్లే):

- కమాండ్ ప్రాంప్ట్‌లో: వేర్ జావా
- పవర్‌షెల్‌లో: వేర్.ఈఎక్స్ఈ జావా
- లినక్స్, మ్యాక్‌లో: విచ్ జావా

పవర్‌షెల్‌లో ఉత్త "వేర్" వేరే పనికి వాడే మాట, అందుకే .ఈఎక్స్ఈ తగిలించాలి. విండోస్‌లో జాబితాలో పైన ఉన్నదే నడుస్తుంది. చాలా మెషీన్లలో ఒరాకిల్ పాత ఇన్‌స్టాలర్ పెట్టిన జావాపాత్ అనే ఫోల్డర్ పైన కూర్చుని ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్ నుంచి ఆ పాత జావాను తీసేయండి, లేదా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో కొత్త జేడీకే లోపలి బిన్ ఫోల్డర్‌ను దానికంటే పైకి జరపండి. ఉబుంటులో అయితే ఇది కొట్టి, వచ్చిన జాబితాలో కావలసిన నంబర్ ఎంచుకోవడమే:

సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --కాన్ఫిగ్ జావా

3. ఫోల్డర్, ఫైల్ సిద్ధం చేసుకోవడం

ఎర్రర్లలో సగం ఇక్కడే పుడతాయి, అందుకే కాస్త ఓపికగా చేయండి.

డెస్క్‌టాప్ మీద కాకుండా విడిగా ఒక ఫోల్డర్ పెట్టుకోండి. విండోస్‌లో డీ డ్రైవ్‌లో ల్యాబ్ అనే ఫోల్డర్ చాలు. పేరులో ఖాళీలు వద్దు. ఖాళీలు ఉంటే ప్రతిసారీ పేరు చుట్టూ డబుల్ కోట్స్ పెట్టాలి, ఏదో ఒక రోజు మర్చిపోతారు.

ఫైల్ పేరుకు కూడా అదే నియమం. అంకెతో మొదలుపెట్టకండి, మధ్యలో హైఫన్ పెట్టకండి. ల్యాబ్1.జావా బాగుంటుంది, 1-ల్యాబ్.జావా బాగుండదు. ఈ పద్ధతిలో ఫైల్ పేరు, లోపలి పబ్లిక్ క్లాస్ పేరు ఒకటే కాకపోయినా నడుస్తుంది. అయినా రెండూ ఒకటే పెట్టండి. రేపు అదే ఫైల్‌ను జావాసీతో కంపైల్ చేయాల్సి వస్తే అక్కడ ఒప్పుకోదు.

నోట్‌ప్యాడ్ వాడేవారికి ఒక ముఖ్యమైన జాగ్రత్త. సేవ్ చేసేటప్పుడు "సేవ్ యాజ్ టైప్" దగ్గర "ఆల్ ఫైల్స్" ఎంచుకోకపోతే ఫైల్ పేరు మార్క్స్.జావా.టీఎక్స్‌టీ అయిపోతుంది. ఎక్స్‌టెన్షన్ దాచి ఉంచుతారు కాబట్టి చూడ్డానికి మార్క్స్.జావాలాగే కనిపిస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" ఇప్పుడే ఆన్ చేసుకోండి, మళ్లీ ఆఫ్ చేయకండి.

ఆ ఫోల్డర్‌లో పాత .క్లాస్ ఫైళ్లు ఉంటే తీసేయండి. తీసేది .క్లాస్ ఫైళ్లను, .జావా ఫైళ్లను కాదు. డిలీట్ నొక్కే ముందు పేరు చివర ఏముందో ఒక్కసారి చదవండి.

ఇక టెర్మినల్‌ను అదే ఫోల్డర్‌లో తెరవాలి. విండోస్‌లో తేలిక దారి ఉంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో సీఎమ్‌డీ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. కమాండ్ ప్రాంప్ట్ నేరుగా అక్కడే తెరుచుకుంటుంది. చేత్తో వెళ్లాలంటే, డ్రైవ్ మారేటప్పుడు /డీ మర్చిపోకూడదు:

సీడీ /డీ డీ:\ల్యాబ్

/డీ లేకపోతే ఎర్రర్ రాదు, అలాగని డ్రైవ్ కూడా మారదు. ఇది చాలామందిని తికమక పెడుతుంది.

నడిపే ముందు చూసుకోవాల్సినవి:

- జావా -వెర్షన్ కొడితే 11 లేదా అంతకన్నా పెద్దది వస్తోందా?
- టెర్మినల్‌లో కనిపిస్తున్న ఫోల్డర్, ఫైల్ ఉన్న ఫోల్డర్ ఒకటేనా? విండోస్‌లో డీఐఆర్, లినక్స్‌లో ఎల్ఎస్ కొట్టి ఫైల్ పేరు కళ్లతో చూడండి.
- పేరు చివర .టీఎక్స్‌టీ లేదు కదా?
- పాత .క్లాస్ ఫైళ్లు పోయాయా?
- ఎడిటర్‌లో సేవ్ అయిందా? వీఎస్ కోడ్‌లో ట్యాబ్ మీద చుక్క కనిపిస్తే ఇంకా సేవ్ కాలేదన్నమాట.

4. నడపడం

జావా మార్క్స్.జావా

అంతే. చివర .జావా తప్పకుండా ఉండాలి. ఉత్త "జావా మార్క్స్" అంటే అర్థం వేరు: ఇప్పటికే కంపైల్ అయిన మార్క్స్ అనే క్లాస్‌ను నడపమని. ఫోల్డర్‌లో పాత క్లాస్ ఫైల్ ఉంటే అది హాయిగా నడిచిపోతుంది, మీరేమో కొత్త కోడే నడిచిందనుకుంటారు. క్లాస్ ఫైళ్లు తీసేయమన్నది ఇందుకే.

పేరు మొత్తం టైప్ చేయకండి. మొదటి రెండు అక్షరాలు కొట్టి ట్యాబ్ కీ నొక్కితే మిగతాది అదే పూర్తవుతుంది. పూర్తి కాలేదంటే ఆ పేరుతో ఫైల్ అక్కడ లేదన్నమాట, ఎంటర్ కొట్టకముందే తప్పు తెలిసిపోతుంది. కోడ్ మార్చి మళ్లీ నడపడానికి పై బాణం కీ నొక్కి ఎంటర్ కొట్టండి. మార్చు, సేవ్ చెయ్యి, పై బాణం, ఎంటర్. రెండు రోజుల్లో చేతికి అలవాటైపోతుంది.

ఒకే ఫైల్‌లో రెండు మూడు క్లాసులు ఉంటే, మెయిన్ మెథడ్ ఉన్న క్లాస్ అన్నిటికంటే పైన ఉండాలి. జావా ఫైల్‌లో మొదట కనిపించిన క్లాస్‌లోనే మెయిన్ కోసం వెతుకుతుంది. స్టూడెంట్ క్లాస్ పైన రాసి, మెయిన్ ఉన్న మార్క్స్ క్లాస్ కింద రాస్తే "కాంట్ ఫైండ్ మెయిన్" అంటూ స్టూడెంట్ పేరు చూపిస్తుంది. మెయిన్ ఉన్న క్లాస్‌ను కట్ చేసి పైన పేస్ట్ చేస్తే చాలు.

ఎక్లిప్స్‌లో గానీ ఇంటెల్లీజేలో గానీ రాసిన ఫైల్ తెచ్చుకుంటే, మొదటి లైన్‌లో ప్యాకేజ్ పేరు ఉండొచ్చు. ఒంటరి ఫైల్‌కు అది అక్కర్లేదు, ఆ లైన్ తీసేయండి. ఉంచితే కొత్త వెర్షన్లలో ఫోల్డర్ పేరు, ప్యాకేజ్ పేరు కలవలేదని పేచీ పెడుతుంది.

జావా 25 ఉన్నవారికి: క్లాస్ అనే మాటే లేకుండా రాయొచ్చు. వాయిడ్ మెయిన్, పక్కన ఖాళీ బ్రాకెట్లు, ఆ తర్వాత కర్లీ బ్రాకెట్లలో మీ కోడ్. ప్రింట్ చేయడానికి ఐఓ.ప్రింట్‌ఎల్ఎన్ సరిపోతుంది. దీనిలో ఐ, ఓ రెండూ పెద్ద అక్షరాలు. లిస్ట్, మ్యాప్ లాంటివాటికి ఇంపోర్ట్ లైన్లు కూడా అక్కర్లేదు. మొదటిసారి ప్రోగ్రామింగ్ నేర్చుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేర్పాలంటే ఇలాగే మొదలుపెట్టండి. పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ అంటే ఏంటని మొదటి రోజే టెన్షన్ పడాల్సిన పని ఉండదు. కానీ యూనివర్సిటీ పరీక్షలో రాయాల్సింది సిలబస్‌లో ఉన్న పాత రూపమే, అది మర్చిపోవద్దు.

5. కమాండ్‌లో ఏది ముందు, ఏది వెనక

ఈ వరస గుర్తుంచుకోండి:

జావా, ఆ తర్వాత జావాకు ఇచ్చే ఆప్షన్లు, ఆ తర్వాత ఫైల్ పేరు, ఆ తర్వాత ప్రోగ్రామ్‌కు ఇచ్చే విలువలు.

ఫైల్ పేరు ఒక సరిహద్దు గట్టు లాంటిది. గట్టుకు ఇవతల ఉన్నవి జావాకు, అవతల ఉన్నవి మీ ప్రోగ్రామ్‌కు. కింది కమాండ్‌లో 256 ఎంబీ పరిమితి జావా తీసుకుంటుంది, 78 65 91 మెయిన్ మెథడ్‌లోని ఆర్గ్స్ అర్రేలోకి వస్తాయి:

జావా -ఎక్స్ఎమ్ఎక్స్256ఎమ్ మార్క్స్.జావా 78 65 91

(ఎక్స్ఎమ్ఎక్స్‌లో మొదటి ఎక్స్ మాత్రమే పెద్దది.)

బయటి జార్ ఫైల్ (ఇతరులు కంపైల్ చేసి ఒకచోట కట్టి ఇచ్చిన కోడ్) వాడాలంటే -సీపీ ఆప్షన్ కూడా ఫైల్ పేరుకు ముందే రావాలి. వెనక పెడితే జావా దాన్ని పట్టించుకోదు, మీ ప్రోగ్రామ్‌కు మామూలు మాటలా అందిస్తుంది. ఆపైన "ప్యాకేజ్ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అని ఎర్రర్. జార్ ఫైళ్లు ఒకటికి మించి ఉంటే వాటి మధ్య విండోస్‌లో సెమీకోలన్, లినక్స్‌లో, మ్యాక్‌లో కోలన్ పెట్టాలి.

6. ఇన్‌పుట్ ప్రతిసారీ చేత్తో కొట్టకండి

స్కానర్ (ఇన్‌పుట్ చదివే జావా క్లాస్) వాడిన ప్రోగ్రామ్ నడిపితే స్క్రీన్ ఖాళీగా ఉండిపోతుంది. "హ్యాంగ్ అయింది" అని చాలామంది విండో మూసేస్తారు. అది హ్యాంగ్ కాలేదు, మీరు ఇన్‌పుట్ ఇస్తారని ఎదురుచూస్తోంది. ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పడానికి విండోస్‌లో కంట్రోల్-జెడ్ కొట్టి ఎంటర్ నొక్కాలి, లినక్స్‌లో, మ్యాక్‌లో కంట్రోల్-డీ. నిజంగానే లూప్ ఆగకపోతే కంట్రోల్-సీ.

ముప్పై మంది మార్కులు ఒకసారి టైప్ చేయొచ్చు. పదిసార్లు టైప్ చేయడం శుద్ధ దండగ. వాటిని ఇన్‌పుట్.టీఎక్స్‌టీ అనే ఫైల్‌లో పెట్టి ఇలా నడపండి:

జావా మార్క్స్.జావా < ఇన్‌పుట్.టీఎక్స్‌టీ

ఇది కమాండ్ ప్రాంప్ట్‌లోనూ, లినక్స్, మ్యాక్‌లలోనూ పనిచేస్తుంది. పవర్‌షెల్‌లో ఈ ఎడమ బాణం గుర్తు పనిచేయదు. అక్కడ:

గెట్-కంటెంట్ ఇన్‌పుట్.టీఎక్స్‌టీ | జావా మార్క్స్.జావా

అవుట్‌పుట్‌ను ఫైల్‌లో దాచుకోవాలంటే కుడి బాణం:

జావా మార్క్స్.జావా < ఇన్‌పుట్.టీఎక్స్‌టీ > అవుట్‌పుట్.టీఎక్స్‌టీ

విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1 ఈ కుడి బాణంతో ఫైల్‌ను యూటీఎఫ్-16 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను ఫైల్‌లో దాచే పద్ధతి) రాస్తుంది. తర్వాత ఆ ఫైల్‌ను ఇంకో ప్రోగ్రామ్‌తో చదివిస్తే అక్షరాల మధ్య చెత్త కనిపిస్తుంది. ఈ పనికి కమాండ్ ప్రాంప్టే వాడమని నా సలహా.

రావలసిన జవాబును ముందే ఒక ఫైల్‌లో రాసి పెట్టుకుని, వచ్చినదానితో పోల్చుకుంటే కోడ్ మార్చినప్పుడల్లా ధైర్యంగా ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్‌సీ, లినక్స్‌లో డిఫ్ కమాండ్ ఇచ్చి, పక్కన రెండు ఫైళ్ల పేర్లు రాస్తే ఎక్కడ తేడా ఉందో చూపిస్తుంది.

7. తరచూ వచ్చే ఎర్రర్లు, వాటి మందు

ముందుగా ఎర్రర్‌ను చదివే పద్ధతి. కంపైల్ తప్పులు ఉంటే చివరి లైన్‌లో "కంపైలేషన్ ఫెయిల్డ్" అని ఉంటుంది. చాలామంది ఆ లైన్ ఫోటో తీసి పంపి "ఏం చేయాలి?" అని అడుగుతారు. ఆ లైన్‌లో సమాచారమేమీ లేదు. పైకి వెళ్లి మొట్టమొదటి ఎర్రర్ చదవండి. ఫైల్ పేరు పక్కన ఉన్న అంకె లైన్ నంబర్. మొదటిది సరిచేసి మళ్లీ నడపండి. ఒక సెమీకోలన్ పెడితే కింద ఉన్న ఆరు ఎర్రర్లూ మాయమవడం మామూలే.

నడుస్తూ మధ్యలో ఆగితే వచ్చేది వేరు, దాన్ని స్టాక్ ట్రేస్ అంటారు. దానిలో పై లైన్ ఏం జరిగిందో చెబుతుంది. ఆ కింద "యాట్" అని మొదలయ్యే లైన్లలో మీ ఫైల్ పేరు మొదటిసారి ఎక్కడ కనిపిస్తే అక్కడికి వెళ్లి చూడండి. జావా సొంత ఫైళ్ల పేర్లున్న లైన్లను వదిలేయండి.

"కుడ్ నాట్ ఫైండ్ ఆర్ లోడ్ మెయిన్ క్లాస్ మార్క్స్.జావా"

అందరికంటే ఎక్కువగా అడిగేది దీని గురించే. ఇదొక్కటే ఎర్రర్, కారణాలు మాత్రం నాలుగు. ఈ వరసలో చూడండి:

- మీరున్న ఫోల్డర్‌లో ఆ ఫైల్ లేదు. డీఐఆర్ లేదా ఎల్ఎస్ కొట్టండి.
- ఫైల్ అసలు పేరు చివర .టీఎక్స్‌టీ ఉంది.
- లినక్స్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా వచ్చింది. విండోస్‌లో చెల్లిన పేరు లినక్స్‌లో చెల్లదు.
- జావా 8 నడుస్తోంది. దానికి సోర్స్ ఫైల్ నడపడం తెలియదు, ఆ పేరుతో క్లాస్ కోసం వెతుకుతుంది.

"క్లాస్ ఫౌండ్ ఆన్ అప్లికేషన్ క్లాస్ పాత్"

11, 17 వెర్షన్లలో బాగా కనిపిస్తుంది. ఇంతకుముందు జావాసీతో చేసిన మార్క్స్.క్లాస్ అదే ఫోల్డర్‌లో ఉండిపోయింది. ఏది నడపాలో తేలక జావా ఆగిపోయింది. ఆ క్లాస్ ఫైల్ తీసేస్తే సరి.

"ఇల్లీగల్ క్యారెక్టర్"

ల్యాబ్ మాన్యువల్ పీడీఎఫ్ నుంచో, వాట్సాప్ మెసేజ్ నుంచో కోడ్ కాపీ చేశారా? అందులో డబుల్ కోట్స్ వంకర తిరిగి ఉంటాయి. పక్కన 201సీ, 201డీ లాంటి నంబర్ కనిపిస్తే అదే కారణం. ఎడిటర్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అన్నిటినీ తిన్నని కోట్స్ చేయండి. హైఫన్లు కూడా చూడండి, కొన్ని పీడీఎఫ్‌లలో మైనస్ బదులు పొడవాటి గీత ఉంటుంది. నంబర్ ఎఫ్ఈఎఫ్ఎఫ్ అయితే ఫైల్ మొదట్లో కనిపించని గుర్తు (బామ్) ఒకటి చేరింది. వీఎస్ కోడ్‌లో కింద కుడివైపు ఎన్‌కోడింగ్ మీద నొక్కి, బామ్ లేని మామూలు యూటీఎఫ్-8గా మళ్లీ సేవ్ చేయండి.

"అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్"

కొత్త జావాసీతో కంపైల్ చేసి పాత జావాతో నడిపినప్పుడు వస్తుంది. అందులో కనిపించే అంకెలకు అర్థం: 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21, 69 అంటే 25. సోర్స్ ఫైల్‌ను నేరుగా నడిపితే కంపైల్ చేసేదీ నడిపేదీ ఒకే జావా కాబట్టి, మీ సొంత కోడ్ విషయంలో ఇది రాదు. వచ్చిందంటే మీరు జత చేసిన జార్ ఫైల్ మీ జావా కంటే కొత్తది అయి ఉంటుంది.

ఎర్రర్ లేదు, కానీ అవుట్‌పుట్ పాతదే

సేవ్ చేయలేదు. లేదా .జావా లేకుండా కొట్టారు. లేదా ఎడిటర్‌లో ఒక ఫోల్డర్‌లోని ఫైల్, టెర్మినల్‌లో ఇంకో ఫోల్డర్‌లోని అదే పేరున్న ఫైల్. అనుమానం తీరాలంటే మెయిన్ మొదటి లైన్‌లో ఏదైనా కొత్త మాట ప్రింట్ చేసి చూడండి. అది కనిపించకపోతే మీరు చూస్తున్న ఫైల్ వేరు, నడుస్తున్న ఫైల్ వేరు.

8. తెలుగు అక్షరాలు ప్రింట్ చేయాలంటే

ప్రోగ్రామ్‌లో "నమస్తే" అని రాసి నడిపితే విండోస్‌లో ప్రశ్న గుర్తుల వరస వస్తుంది. ఇందులో మూడు విషయాలు కలిసి ఉన్నాయి: ఫైల్‌ను చదవడం, బయటికి రాయడం, తెర మీద చూపడం. మూడింటినీ విడివిడిగా సరిచేయాలి.

చదవడం: జావా 18 నుంచి ఫైళ్లను మామూలుగానే యూటీఎఫ్-8గా చదువుతుంది. కాబట్టి 21 లేదా 25 ఉంటే ఇది తీరిపోయినట్టే. 17తో కుస్తీ పట్టకండి, మార్చేయండి.

రాయడం: కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు కోడ్ పేజీ (ఆ విండో ఏ ఎన్‌కోడింగ్ వాడాలో చెప్పే నంబర్) మార్చి, ఆ తర్వాత నడపండి:

సీహెచ్‌సీపీ 65001
జావా "-డీఎస్‌టీడీఅవుట్.ఎన్‌కోడింగ్=యూటీఎఫ్-8" మార్క్స్.జావా

హైఫన్ పక్కన డీ పెద్దది, యూటీఎఫ్ మూడు అక్షరాలూ పెద్దవి. కోట్స్ తప్పకుండా ఉంచండి. పవర్‌షెల్‌లో కోట్స్ లేకపోతే చుక్క దగ్గర అది రెండు ముక్కలైపోతుంది, అప్పుడు ".ఎన్‌కోడింగ్" అనే మెయిన్ క్లాస్ దొరకలేదని వింత ఎర్రర్ వస్తుంది. సీహెచ్‌సీపీ మార్పు ఆ ఒక్క విండోకే. కొత్త విండో తెరిస్తే మళ్లీ కొట్టాలి.

చూపడం: పై రెండూ సరిగ్గా చేసినా ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపించొచ్చు. అది మీ ప్రోగ్రామ్ తప్పు కాదు. టెర్మినల్ ప్రతి అక్షరాన్నీ ఒకే వెడల్పు గళ్లలో కూర్చోబెడుతుంది, మన లిపి అలా కూర్చోదు. నిజంగా సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే, ఎన్‌కోడింగ్ ఆప్షన్ అలాగే ఉంచి, కుడి బాణంతో అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి పంపి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడ క్షత్రియ, స్వాతంత్ర్యం లాంటి మాటలు చక్కగా కనిపిస్తే మీ పని సరిగ్గానే జరిగింది.

వేరియబుల్ పేర్లు, క్లాస్ పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు, జావా ఒప్పుకుంటుంది. మొత్తం, సగటు అనే వేరియబుళ్లతో మార్కుల ప్రోగ్రామ్ రాసి చూడండి, మన మాటల్లో లెక్క నడవడం చూస్తే సంతోషంగా ఉంటుంది. ఫైల్ పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి. కమాండ్ లైన్‌లో తెలుగు ఫైల్ పేరు విండోస్‌లో అనవసరంగా ఇబ్బంది పెడుతుంది.

9. లినక్స్‌లో సొంత కమాండ్‌లా మార్చుకోవడం

రోజూ వాడే చిన్న ప్రోగ్రామ్ ఉంటే దాన్ని పేరుతోనే పిలవొచ్చు.

1. ఫైల్‌ను .జావా లేకుండా, మార్క్స్ అనే పేరుతో కాపీ చేయండి.
2. మొట్టమొదటి లైన్‌గా ఇది పెట్టండి: #!/యూఎస్ఆర్/బిన్/జావా --సోర్స్ 21
3. సీహెచ్‌మోడ్ +ఎక్స్ మార్క్స్ అని కొట్టి అనుమతి ఇవ్వండి.
4. ఇక ./మార్క్స్ అంటే చాలు.

పేరు చివర .జావా ఉంచితే ఆ మొదటి లైన్‌ను జావా కోడ్ అనుకుని ఎర్రర్ ఇస్తుంది. పేరులో .జావా లేనప్పుడు --సోర్స్, దాని పక్కన వెర్షన్ నంబర్ తప్పనిసరి. విండోస్‌లో రాసిన ఫైల్‌ను లినక్స్‌కు తెచ్చుకుంటే నడవకుండా ఎర్రర్ రావొచ్చు. లైన్ల చివర విండోస్ పెట్టిన కనిపించని గుర్తు వల్ల అలా అవుతుంది. డాస్2యునిక్స్ అనే చిన్న టూల్‌తో ఆ ఫైల్‌ను శుభ్రం చేస్తే సరిపోతుంది.

10. జావాసీ వాడక తప్పని చోట్లు

ప్రతిసారీ కంపైల్ చేయడం వల్ల మొదలవడానికి కాస్త సమయం పడుతుంది. ఒకే ప్రోగ్రామ్‌ను వందసార్లు నడపాలన్నా, అల్గారిథమ్ ఎంత వేగంగా నడుస్తుందో కొలవాలన్నా, ముందు ఒకసారి కంపైల్ చేసి పెట్టుకోవాలి. లేకపోతే మీరు కొలిచే సమయంలో కంపైలర్ సమయం కూడా కలిసిపోతుంది. లొంబాక్ లాంటి ఎనొటేషన్ ప్రాసెసర్లు (కంపైల్ అయ్యేటప్పుడు అదనపు కోడ్ చేర్చే టూల్స్) కూడా ఈ ఒకే కమాండ్ పద్ధతిలో పనిచేయవు.

ప్రోగ్రామ్ రెండు మూడు ఫైళ్లకు పెరిగితే, జావా 22 నుంచి పక్క ఫైళ్లను కూడా అదే వెతికి కంపైల్ చేసుకుంటుంది. 21, అంతకన్నా పాతవాటిలో అన్నీ ఒకే ఫైల్‌లో ఉండాలి.

ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ రెండు మెట్లూ (కంపైల్ చేయడం, నడపడం) చూపించమంటారు, ల్యాబ్ మెషీన్‌లో జావా 8 ఉండొచ్చు. అందుకని ఈ రెండు లైన్లు కూడా చేతికి వచ్చి ఉండాలి:

జావాసీ మార్క్స్.జావా
జావా మార్క్స్

జావాసీ అంటే జావా అని టైప్ చేసి, ఖాళీ లేకుండా పక్కనే సీ అక్షరం. మొదటి లైన్‌లో .జావా ఉంటుంది, రెండో లైన్‌లో ఉండదు. కోడ్ మార్చిన ప్రతిసారీ రెండు లైన్లూ కొట్టాలి. పరీక్ష అయ్యాక ఇంటికి తెచ్చుకున్న ఫోల్డర్‌లో ఆ .క్లాస్ ఫైళ్లు తీసేశాకే మళ్లీ ఒకే కమాండ్ పద్ధతికి రండి.